భార్యాభర్తలు కలిసి చేసే విదేశీ ప్రయాణం: డబ్బు, సమయం ఎక్కడ మిగులుతాయి?

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది. ఇద్దరూ ఉద్యోగస్తులు, పది రోజుల సెలవు దొరికింది, విదేశంలో ఐదు ఊళ్లు చూడాలని అనుకుంటున్నారు. ఖర్చు అదుపులో ఉండాలి, సెలవంతా ప్రయాణాల్లోనే కరిగిపోకూడదు. ఒకరికి వీలైనన్ని చూడాలని ఉంది, మరొకరికి తీరిగ్గా తిరగాలని ఉంది. ఏది ముందు బుక్ చేయాలో తెలియడం లేదు. టికెట్లు, ప్రయాణ ప్రణాళికలు చూడటమే చాలా ఏళ్లుగా నా పని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా ఒక మాట. పది రోజుల్లో ఐదు ఊళ్లు వద్దు. మూడు చాలు, రెండైతే ఇంకా మంచిది. ఇది ఎవరి ఇష్టాన్నీ తగ్గించడానికి చెబుతున్నది కాదు, గంటలు లెక్క వేసి చెబుతున్నది. ఊరు మారే రోజున ఏం జరుగుతుందో వరుసగా చూడండి. ఉదయం సామాను సర్దాలి, పదకొండు పన్నెండు లోపు గది ఖాళీ చేయాలి, స్టేషన్‌కు వెళ్లి కొంతసేపు ఎదురుచూడాలి. ఆ తర్వాతే అసలు ప్రయాణం. దిగాక కొత్త ఊళ్లో దారి వెతుక్కుంటూ గదికి చేరాలి. గదేమో చాలా చోట్ల మధ్యాహ్నం రెండు మూడు గంటల తర్వాతే ఇస్తారు. టికెట్ మీద రెండు గంటలని ఉన్న రైలు ప్రయాణం ఇంత తతంగంతో ఐదారు గంటలు తినేస్తుంది. ఐదు ఊళ్లంటే నాలుగు మార్పులు. పది రోజుల్లో వచ్చే రోజు, తిరిగి వెళ్లే రోజు పోతే మిగిలేవి ఎనిమిది. అందులో నాలుగు పగళ్లకు సగం సగం పోతే చేతిలో ఎంత మిగులుతుందో మీరే చూడండి.

డబ్బు విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఊరు మారిన ప్రతిసారీ రెండు టికెట్లు, స్టేషన్‌కు రానుపోను ఖర్చు, దారిలో తిండి. పైగా ఒకే చోట వారం ఉంటే చాలా అపార్ట్‌మెంట్ బసలు, కొన్ని హోటళ్లు అద్దె తగ్గిస్తాయి. ఒక్కో రాత్రి ఒక్కో చోట ఉండేవాళ్లకు ఆ తగ్గింపు రాదు. పరిశుభ్రత రుసుము తీసుకునే అపార్ట్‌మెంట్లలో అది బస మొత్తానికి ఒకేసారి పడుతుంది కాబట్టి, రెండు రాత్రులు ఉన్నా ఆరు రాత్రులు ఉన్నా దాదాపు అంతే.

అందుకని మంచి రైలు సౌకర్యం ఉన్న ఒక ఊరిని మకాంగా పెట్టుకోండి. గంటా గంటన్నర దూరంలో ఉన్న చిన్న ఊళ్లను పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి చూసి రండి. సామాను గదిలోనే ఉంటుంది. భుజాన చిన్న సంచీ మాత్రమే. వాన పడితే ఆ ఊరిని మర్నాటికి మార్చుకోవచ్చు. ముందే అన్ని ఊళ్లలో గదులు బుక్ చేసుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు.

ఇక ఇద్దరి లెక్క. చాలామంది ఒంటరి ప్రయాణికులు ఇచ్చే సలహాలు చదివి, ఆ ఖర్చును రెండుతో గుణిస్తారు. అది సరైన లెక్క కాదు. ఇద్దరు వెళ్లినప్పుడు కొన్ని ఖర్చులు రెట్టింపవుతాయి: విమానం, రైలు, వీసా, బీమా, ప్రవేశ టికెట్లు. కొన్ని మాత్రం ఒక్కటిగానే ఉంటాయి: గది, టాక్సీ, అద్దె కారు. అందువల్ల ఒంటరి మనిషికి చౌకైనది మీకు చౌక కాకపోవచ్చు. హాస్టల్‌లో మంచానికి ఇంత అని తీసుకుంటారు. రెండు మంచాల ఖర్చు కలిపి చూస్తే చిన్న ప్రైవేటు గదికి దగ్గరగా వస్తుంది. విమానాశ్రయం నుంచి ఒక్కరికైతే రైలే చౌక. ఇద్దరికి రెండు రైలు టికెట్లు, ఆపై స్టేషన్ నుంచి గదికి మరో బండి కలిపితే నేరుగా టాక్సీలో వెళ్లడానికీ దానికీ తేడా చాలాసార్లు నామమాత్రమే. రాత్రి రైలు ఎక్కితే ఒక గది అద్దె మిగులుతుందని అందరూ చెబుతారు. మీకు మిగిలేది ఒక గది, కానీ కొనాల్సినవి రెండు బెర్తులు. విడి క్యాబిన్ కావాలంటే ఇంకా ఎక్కువ. రాత్రి రైలు వల్ల ఒక పగలు మిగులుతుందంటే ఒప్పుకుంటాను, డబ్బు మిగులుతుందో లేదో లెక్క వేశాకే నమ్మండి.

కాబట్టి ఏ రెండు మార్గాలను పోల్చినా ఇద్దరికీ కలిపి, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా పోల్చండి. ఊరికి దూరంగా ఉన్న గది చౌకగా కనిపిస్తుంది. రోజూ రెండు రానుపోను టికెట్లు, రోజుకో గంటన్నర ప్రయాణం, ఆఖరి రైలు తప్పిపోయిన రాత్రి టాక్సీ కలిపితే ఊరి మధ్యలో గది అద్దెకు సమానమైపోతుంది. మధ్యాహ్నం ఒక గంట గదికి వచ్చి నడుం వాల్చే అవకాశం కూడా ఊరి మధ్యలో ఉన్నవాళ్లకే దక్కుతుంది. తీరిగ్గా తిరగాలనుకునే మీలో ఒకరికి ఆ గంట ఎంతో విలువైనది.

విమాన టికెట్ల దగ్గర ఇద్దరికి మాత్రమే వర్తించే ఒక కిటుకు ఉంది. ఒకే విమానంలో ఎకానమీ సీట్లన్నిటినీ ఒకే ధరకు అమ్మరు. వాటిని కొన్ని తరగతులుగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో ధర పెడతారు. చౌక తరగతిలో ఒకే సీటు మిగిలి ఉన్నప్పుడు మీరు ఇద్దరికని వెతికితే, సాధారణంగా ఇద్దరికీ పై తరగతి ధరే చూపిస్తుంది. కాబట్టి ముందు ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి వెతకండి. ఒక్కరికి ధర తక్కువగా కనిపిస్తే ఒకటి చౌకగానూ, రెండోది పై ధరకూ విడివిడిగా కొనవచ్చు. దీనికో చిక్కు ఉంది: ఇద్దరి బుకింగ్ నంబర్లు వేరవుతాయి. విమానం రద్దయితే ఇద్దరినీ వేర్వేరు విమానాల్లోకి సర్దే ప్రమాదం ఉంటుంది. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి రెండు బుకింగ్‌లనూ ఒకదానికొకటి జతచేసి నమోదు చేయమని అడగండి. తేడా కొద్దిపాటిదైతే మాత్రం ఒకే బుకింగ్‌లో ఉండటమే మేలు. దారిలో విమానం మారాల్సిన ప్రయాణమైతే ఈ పని అసలు చేయవద్దంటాను.

వెళ్లేది ఒక ఊరికి, తిరిగి వచ్చేది మరో ఊరి నుంచి అయ్యేలా కూడా వెతకండి. టికెట్ వెబ్‌సైట్లలో ‘మల్టీ సిటీ’ అనే చోట ఈ వీలు ఉంటుంది. ధర మామూలు రానుపోను టికెట్‌కు దగ్గరగానే ఉండటం తరచూ చూస్తుంటాను. దాంతో మొదటి ఊరికి వెనక్కి రావాల్సిన అవసరం ఉండదు, ఒక పగలు, రెండు రైలు టికెట్లు మిగులుతాయి. అయితే దీన్ని ఒకే టికెట్‌గా కొనాలి. రానుపోను టికెట్ కొని, మొదటి విమానం ఎక్కకుండా తిరుగు ప్రయాణం మాత్రం వాడుకుందామంటే కుదరదు. ముందు భాగంలో హాజరు కాకపోతే మిగతా ప్రయాణాన్ని చాలా ఎయిర్‌లైన్స్ రద్దు చేస్తాయి.

రెండు విడి టికెట్లతో మధ్యలో విమానం మారే పద్ధతి చూడటానికి చౌకగా ఉంటుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కు బాధ్యత ఉండదు, ఇద్దరికీ కొత్త టికెట్లు మీరే కొనుక్కోవాలి. సామాను తీసుకుని మళ్లీ అప్పగించాల్సి వస్తే ఆ దేశపు ఇమిగ్రేషన్ దాటాలి, అంటే ఆ దేశపు వీసా కూడా కావాల్సి రావచ్చు. ఇద్దరి విషయంలో నష్టం రెట్టింపు కాబట్టి, తేడా చాలా పెద్దదైతే తప్ప అటువైపు వెళ్లకండి. వెళ్లక తప్పకపోతే మధ్యలో ఒక రాత్రి ఆగేలా పెట్టుకోండి.

వారంలో ఫలానా రోజున కొంటే చౌక, బ్రౌజర్‌లో చరిత్ర తుడిచేస్తే చౌక లాంటి మాటల మీద సమయం పెట్టకండి. నిజంగా తేడా తెచ్చేది మీ తేదీల్లో రెండు మూడు రోజుల సడలింపు. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల పట్టిక చూసి, ధర తగ్గినప్పుడు కబురు వచ్చేలా పెట్టుకుంటే చాలు. ఇద్దరూ సెలవు చీటీ ఇచ్చేముందు ఈ పట్టిక చూడండి, తర్వాత కాదు. ఉద్యోగస్తుల జంటలు ముందు సెలవు ఖాయం చేసుకుని తర్వాత టికెట్ వెతుకుతారు. అందులోనే డబ్బు పోతుంది.

టికెట్ మీద పేరు విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారినా పాస్‌పోర్టులో పాత పేరే ఉంటే, టికెట్, వీసా అన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ఉండాలి. బుక్ చేసేది ఒకరు, వివరాలు మరొకరివి అయినప్పుడు ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. డబ్బు కట్టేముందు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. కొన్నాక వెంటనే సరిదిద్దుకునే వీలు కొన్నిచోట్ల ఉంది. ఉదాహరణకు అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి బయలుదేరే విమానాల టికెట్‌ను ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొంటే, 24 గంటల్లో రుసుము లేకుండా రద్దు చేసుకునే వీలు గానీ, డబ్బు కట్టకుండా ఆ ధరను 24 గంటలు పట్టి ఉంచే వీలు గానీ ఇవ్వాలన్నది అక్కడి రవాణా శాఖ నిబంధన.

పాస్‌పోర్టు గడువు ఇద్దరిదీ చూడండి. తిరిగి వచ్చే తేదీ తర్వాత ఆరు నెలలైనా మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే 29 షెంగెన్ దేశాలకైతే బయటికి వచ్చే తేదీ తర్వాత మూడు నెలల గడువు ఉండాలి, పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటి ఉండకూడదు. ఆ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, 15 రోజులకంటే తక్కువ వ్యవధి ఉండకూడదు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి, రెండు దేశాల్లో సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. ఊళ్ల సంఖ్య తగ్గించమన్నది ఇక్కడా కలిసివస్తుంది. రాత్రులన్నీ ఒకటి రెండు చోట్ల ఉంటే వీసా కాగితాలు సిద్ధం చేయడం సులువు. భార్యాభర్తలైనా దరఖాస్తులు ఎవరివి వారివే. ఒకరి ఖర్చు మరొకరు భరిస్తుంటే వివాహ ధ్రువపత్రం, బ్యాంకు పత్రాలు రెండు ఫైళ్లలోనూ పెట్టండి.

బసను ఉచితంగా రద్దు చేసుకునే షరతుతో ముందే పట్టి పెట్టుకోండి. తర్వాత నెలకోసారి అదే గదిని, అవే తేదీలకు మళ్లీ వెతకండి. ధర తగ్గితే కొత్తది బుక్ చేశాకే పాతది రద్దు చేయండి, అంతకుముందు కాదు. రద్దు గడువు సాధారణంగా హోటల్ ఉన్న ఊరి సమయం ప్రకారం నడుస్తుంది. కాబట్టి ఒక రోజు ముందే పని ముగించాలి. బుకింగ్‌లో ఇద్దరి పేర్లూ రాయించండి. ఒకరు ముందు చేరుకుంటే తాళం ఇవ్వడానికి పేరు లేదనే మాట రాదు.

సామాను గురించి నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. ఇద్దరికీ కలిపి విమానాశ్రయంలో అప్పగించే (చెక్-ఇన్) పెట్టె ఒక్కటే ఉండాలి, మిగతాది చేతి సంచుల్లో. పెట్టె రుసుము ముందుగా వెబ్‌సైట్‌లో కడితే విమానాశ్రయంలో కట్టేదానికన్నా సాధారణంగా తక్కువ. రెండు పెట్టెలు తప్పనప్పుడు ఆమె బట్టలు ఒకదానిలో, అతని బట్టలు ఒకదానిలో పెట్టకండి. ఇద్దరివీ సగం సగం రెండిట్లోనూ పెట్టండి. ఒక పెట్టె ఆలస్యమైనా ఇద్దరికీ రెండు జతలుంటాయి. పెట్టె రాకపోతే విమానాశ్రయం దాటకముందే కౌంటర్‌లో రాతపూర్వక ఫిర్యాదు పత్రం తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుకు 7 రోజుల్లో, ఆలస్యంగా అందిన సామానుకు అది చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పవర్‌బ్యాంకులు అప్పగించే పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్‌వి ఆ పరిధిలోనే ఉంటాయి.

సీట్ల ఎంపికకు డబ్బు కట్టాలా అన్నది ప్రయాణం పొడవును బట్టి ఉంటుంది. రెండు మూడు గంటల విమానానికి అవసరం లేదు, చెక్-ఇన్ తెరవగానే చేసుకోండి. రాత్రంతా సాగే విమానమైతే కట్టండి. మూడేసి సీట్ల వరుసలో కిటికీ సీటు, నడవ పక్క సీటు తీసుకుంటే మధ్య సీటును కావాలని ఎంచుకునేవాళ్లు తక్కువ. విమానం నిండకపోతే వరుసంతా మీదే. ఎవరైనా వచ్చినా అడిగితే మీ రెండు సీట్లలో ఒకదానికి సంతోషంగా మారతారు.

డబ్బు చెల్లింపుల్లో ఒకే ఒక్క సంగతి బాగా గుర్తుంచుకోండి. దుకాణంలోగానీ ఏటీఎంలోగానీ “మీ దేశపు కరెన్సీలో కడతారా?” అని యంత్రం అడిగితే వద్దనండి. ఎప్పుడూ అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. సొంత కరెన్సీలో ఎంత పడుతుందో కళ్లముందు కనిపిస్తుంది కాబట్టి అదే మంచిదనిపిస్తుంది. కానీ ఆ మార్పిడి రేటు నిర్ణయించేది మీ బ్యాంకు కాదు, ఆ యంత్రం తరఫు సంస్థ, సాధారణంగా అది మీకు నష్టమే. మీలో ఒకరి దగ్గర ఒక బ్యాంకు కార్డు, మరొకరి దగ్గర వేరే బ్యాంకు కార్డు ఉండాలి. ఒకే ఖాతాకు చెందిన రెండు కార్డులు ఒకేసారి స్తంభించిపోతాయి. హోటళ్లు, కారు అద్దె సంస్థలు హామీగా కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి అక్కడ డెబిట్ కార్డు కాక క్రెడిట్ కార్డు ఇవ్వండి. లేదంటే మీ చేతిలో ఉండాల్సిన డబ్బే కొన్ని రోజులు ఆగిపోతుంది.

పాసుల గురించి అడగలేదు, కానీ ఎవరో ఒకరు మీకు తప్పకుండా కొనమని చెబుతారు. ఒకేసారి డబ్బు కట్టి ఊళ్లో చాలా చోట్లు చూసే నగర పాసులు, అలాగే కొన్ని రోజులు రైళ్లలో తిరిగే రైలు పాసులు తలా ఒకటి కొనాలి. మీ ఇద్దరిలో ఒకరు మ్యూజియంలు అన్నీ చూస్తారు, మరొకరు రెండు చాలంటారు. అప్పుడు పాసు ఒకరికే కొని, మరొకరికి విడి టికెట్లు కొనడంలో తప్పేమీ లేదు. పాత సలహాలను నమ్మి కొనకండి. జపాన్ రైల్ పాస్‌నే చూడండి. 2023 అక్టోబరులో దాని ధర దాదాపు 70 శాతం పెరిగింది. అంతకుముందు దాదాపు టోక్యో–క్యోటో రానుపోను ఖర్చుకే వచ్చే వారం పాసు, ఇప్పుడు ఆ ఒక్క ప్రయాణానికి ఏ మాత్రం గిట్టదు, విడి టికెట్లే చౌక. పాత వ్యాసాలు ఇంకా పాసునే పొగుడుతుంటాయి.

ఏ రోజు ఏది చూడాలో రాసేముందు వారపు సెలవులు చూడాలి. ప్యారిస్‌లో లూవ్ర్ మంగళవారం మూసి ఉంటుంది, ఓర్సే మ్యూజియం సోమవారం. తాజ్‌మహల్ శుక్రవారం. వాటికన్ మ్యూజియంలకు నెలలో చివరి ఆదివారం తప్ప ఆదివారాలు సెలవు. ఒక ఊళ్లో రెండే రోజులున్నవాళ్లకు ఈ ఒక్క సమాచారంతో ప్రణాళిక మొత్తం తలకిందులవుతుంది. బాగా రద్దీ ఉండే చోట్లకు సమయం ఖాయం చేసిన టికెట్లు వెబ్‌సైట్‌లో ముందే కొనండి, అదీ ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో. రోజుకు అలాంటిది ఒక్కటే ఉండాలి. రెండు పెడితే మొదటిదాని నుంచి పరుగున బయటికి రావాల్సి ఉంటుంది.

బుకింగ్ క్రమం అడిగారు కదా. పాస్‌పోర్టుల గడువు, వీసా నిబంధనలు మొదట చూడండి. తర్వాత విమానం, అదే రోజున రద్దు చేసుకోదగిన గదులు. మొదటి పెద్ద మొత్తం కట్టిన వెంటనే బీమా తీసుకోండి. ముందే తీసుకుంటే, ప్రయాణం రద్దయినప్పుడు డబ్బు ఇచ్చే పాలసీ అయితే, బయలుదేరేముందు వచ్చే అనారోగ్యానికి కూడా అది వర్తిస్తుంది. ఇద్దరిలో ఎవరికైనా పాత జబ్బులుంటే దాచకుండా రాయండి, లేకపోతే అవసరమైన రోజున డబ్బు రాదు. దూరప్రాంత రైళ్ల టికెట్లు చాలా దేశాల్లో అమ్మకం మొదలైన రోజుల్లోనే చౌక, కాబట్టి ఆ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. ఊళ్లో తిరిగే బస్సులు, దగ్గరి ఊళ్లకు వెళ్లే మామూలు రైళ్లు ముందే కొననక్కర్లేదు.

ఈ పనులు ఇద్దరూ పంచుకోవాలి. ఒకరు విమానాలు, రైళ్లు, వీసా చూస్తే మరొకరు బస, చూడాల్సిన చోట్లు, బీమా చూడాలి. ఎవరి విభాగంలో తుది నిర్ణయం వారిదే. ప్రతి హోటల్‌నూ ఇద్దరూ కలిసి వారం రోజులు చర్చిస్తే, ఆలోపు మంచి ధర పోతుంది, ఓపిక కూడా పోతుంది. కాగితాలన్నీ ఇద్దరి ఫోన్లలోనూ, నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఉండాలి. ఒకరి ఫోన్‌లో నెట్ తీసుకుని హాట్‌స్పాట్‌తో సర్దుకుందాం అనుకోవద్దు, ఇద్దరికీ విడిగా చిన్న డేటా ప్యాకేజీ తీసుకోండి.

ఎందుకంటే మీరిద్దరూ అప్పుడప్పుడూ విడిగా తిరగాలి. మీ ప్రశ్నలో నాకు అసలైన చిక్కు ఇదే అనిపించింది. బయలుదేరేముందు ఒక్కొక్కరూ ‘ఇది చూడకుండా రాను’ అనే చోట్లు రెండేసి రాయండి. ఆ నాలుగింటికి ఇద్దరూ కలిసి వెళ్లండి, రెండోవారు విసుగు చూపకూడదు. మిగతావాటిలో రాజీపడి ఇద్దరికీ సగం నచ్చేవి వెతకడంకన్నా, రెండు మూడు రోజులకోసారి ఒక పూట ఎవరి దారిన వారు వెళ్లడం మంచిది. అన్నీ చూడాలనుకునేవారు ఆ పూట మూడు చోట్లు చుట్టి వస్తారు, తీరిక కోరుకునేవారు ఒక పార్కులో కూర్చుంటారు. అక్కర్లేని ప్రవేశ టికెట్ల డబ్బు కూడా మిగులుతుంది. విడిపోయేముందు ఎక్కడ, ఎన్ని గంటలకు కలవాలో ఖాయం చేసుకోండి. ఫోన్ పనిచేయకపోయినా, అరగంట ఆలస్యమైనా ఇద్దరూ నేరుగా గదికే రావాలని అనుకోండి. గదికి తాళాలు రెండు అడిగి తీసుకోండి.